పట్టీ తీసిన ఆదివారాలు

మా వంటింటి అరలో పదకొండు నోటు పుస్తకాలున్నాయి. అన్నీ ఒకే రకం, నీలం అట్టవి. రాసింది నా భార్య కరుణమ్మ. రోజుకొక వరుస. తేదీ, పాపకు కంటిపట్టీ ఎన్నింటికి వేశాం, ఎన్నింటికి తీశాం, మొత్తం ఎన్ని గంటలు, లెన్స్ మార్చామా, కన్ను ఎర్రబడిందా. పాప అంటే మా మనవరాలు ఎలీనా. పుట్టుకతోనే కుడి కంట్లో శుక్లం ఉన్న పిల్ల. వచ్చే నెలకు ఐదేళ్లు నిండుతాయి.

నా గురించి మా సంఘం ప్రత్యేక సంచికలో రెండుసార్లు వచ్చింది. చర్చికి పదేళ్లు నిండినప్పుడు ఒకసారి, నేను రిటైరైనప్పుడు ఇంకోసారి. రాయదగిన సంగతులే రాశారు. కృష్ణా జిల్లాలో మా ఊరి మిషన్ బడిలో పలక పట్టి, తర్వాత నాలుగు మైళ్లు నడిచి హైస్కూలు చదివి, బెజవాడ ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకున్నవాణ్ణి. డెట్రాయిట్ పక్కన ఒక డై షాపులో ముప్పై మూడేళ్లు చేశాను. కారు తలుపుల రేకును వంచే అచ్చులు మా పని. ఇంచిలో వెయ్యో వంతు తేడా వచ్చినా అచ్చు పనికిరాదు. అన్నేళ్లలో నా చేతి పని తిరిగి వచ్చింది రెండుసార్లే. ఏడు కుటుంబాలతో మా బేస్‌మెంట్‌లో మొదలైన తెలుగు ఆరాధన ఈవేళ నూట నలభై కుటుంబాల సంఘం. అక్కడ పాస్టరు వెనక నిలబడి ప్రసంగించే ఓక్ చెక్క వేదిక నేను చేసిందే, ఒక్క మేకు లేకుండా. ఈ దేశంలో పుట్టిన నలభై ఒక్కమంది పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించాను.

ఇవన్నీ నిజమే. అయితే అమెరికాకు కరుణమ్మను నేను తీసుకురాలేదు, ఆమె నన్ను తీసుకొచ్చింది. ఈ మాట పదిమందిలో చెప్పడం నాకు అలవాటు లేదు, ఇప్పుడు రాస్తున్నాను. గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, 1975లో ఒంటరిగా డెట్రాయిట్ వచ్చింది. అప్పటికి మా పెళ్లయి ఎనిమిది నెలలు. నన్ను పిలిపించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ముప్పై నాలుగేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేసింది. ఆమె గురించి ఏ సంచికలోనూ రాలేదు.

ఆమె పనితీరు ఒక్క ముక్కలో చెప్పాలంటే, చేసింది రాస్తుంది, చేయనిది రాయదు. ఒకసారి తనకు పైనున్న నర్సు, చూడని బీపీని చూసినట్టు చార్టులో వేయమంది. ఈమె వేయలేదు. ఆ నెలంతా కష్టమైన డ్యూటీలే వేశారట. ఇంటికొచ్చి నాతో ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. నేను ఆ మాట మరిచిపోయాను. గుర్తుంచుకుని ఉంటే బాగుండేది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అబ్బాయి సైలస్, కోడలు జోసఫిన్, మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. సైలస్ ఇక్కడే పుట్టాడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. జోసఫిన్ ఒంగోలు పిల్ల, ఫార్మసిస్టు. ఎలీనా పుట్టిన పన్నెండో రోజున కరుణమ్మ పాపకు నీళ్లు పోసి, తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"జోసఫిన్, నీ ఫోన్ లైటు ఇటు పట్టు."

"ఏమైంది అత్తయ్యా?"

"కుడి కంటిపాపలో గంజి చుక్క పడ్డట్టుంది, చూడు."

"సబ్బు నురగేమోలే, తుడు" అన్నాను నేను.

ఆమె పాపను జోసఫిన్ చేతికిచ్చింది. పిల్లల డాక్టరుకు ఫోన్ చేసింది. మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు.

ఆ డాక్టరు మన తెలుగమ్మాయే, బిందుమాధవి. నలభై ఏళ్లుంటాయి. మాట సూటిగా ఉంటుంది. ఆరు వారాల వయసులో సర్జరీ చేద్దామంది.

"దాంతో అయిపోతుందా అమ్మా?" అని అడిగాను.

"సర్జరీ సగం పని కూడా కాదంకుల్. తెల్లబడిన లెన్స్ తీసేస్తాను, దాని బదులు కాంటాక్ట్ లెన్స్ పెడతాం. ఆ తర్వాతే అసలు పని. పుట్టినప్పట్నుంచీ పాప ఎడమ కంటితోనే చూస్తోంది. బ్రెయిన్‌కి అదే అలవాటైంది. కుడి కన్ను కూడా ఉందని దానికి నేర్పాలి. అందుకని ఎడమ కన్ను మూస్తాం."

"బాగున్న కన్ను మూస్తారా?"

"బాగున్నదే మూయాలి. ఎనిమిది నెలల వరకూ ఎన్ని నెలలుంటే రోజుకి అన్ని గంటలు. ఆ తర్వాత మెలకువగా ఉన్న టైమ్‌లో సగం. స్కూలుకెళ్లేదాకా."

"చూపు పూర్తిగా వస్తుందా?" అంది జోసఫిన్.

"ప్రామిస్ చేయలేను. కొంతమంది పిల్లలు ఆ కంటితో పుస్తకం చదువుతారు. కొంతమందికి చేతివేళ్లు లెక్కపెట్టేంత కూడా రాదు. ఎంత తొందరగా ఆపరేషన్ చేశాం, ఎన్ని గంటలు పట్టీ వేశారు, తర్వాత కంట్లో ప్రెషర్ పెరిగిందా లేదా, వీటన్నిటి మీదా ఉంటుంది. ప్రెషర్ మాత్రం జీవితాంతం చూపించుకోవాలి."

కరుణమ్మ అదంతా రాసుకుంది. వచ్చే దారిలో మొదటి నీలం పుస్తకం కొంది.

సర్జరీ బాగా జరిగింది. లెన్స్ చొక్కా గుండీ అంత ఉంటుంది. దాన్ని పెట్టడం సైలస్‌కు చేతకాలేదు, చెమటలు పట్టేవి. కరుణమ్మ పాపను తువ్వాలులో బిగించి చుట్టి, పై రెప్ప ఎత్తి, దాని కిందికి జార్చి, కింది రెప్ప లాగి వదిలేది. పాప ఏడుపు అందుకునేలోపే పని అయిపోయేది. "ఐవీలు పెట్టిన చెయ్యి ఇది, గుండీ పెట్టలేనా?" అనేది.

పాపకు మూడో నెలలో ఒకరోజు, ఎడమ కంటికి పట్టీ ఉండగానే, నా చేతిలోని ఎర్ర గిలక్కాయ వెంట తల తిప్పింది. ఆ ఆదివారం నేను చర్చిలో సాక్ష్యం చెప్పాను. మా ఆరాధన మధ్యాహ్నం రెండింటికి, అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని. నేను చేసిన వేదిక వెనకే నిలబడి, "దేవుడు నా మనవరాలికి సంపూర్ణమైన చూపు అనుగ్రహించాడు" అన్నాను. హాలంతా చప్పట్లు. సంపూర్ణం అని డాక్టరు చెప్పలేదు. ఆ మాట నాది.

మరుసటి ఆదివారం పాపను పట్టీతోనే తీసుకెళ్లాం. ప్రార్థన అయ్యాక జ్ఞానప్రసూనగారు, మా బేస్‌మెంట్ రోజుల నుంచి ఉన్న మనిషి, పాప బుగ్గ పుణికింది.

"అన్నయ్యగారూ, చూపు పూర్తిగా వచ్చిందని పోయిన వారం చెప్పారు కదా. మరి ఈ పట్టీ ఏంటండీ?"

"అది బాగున్న కన్నమ్మా."

"బాగున్న కంటికి పట్టీ ఎందుకండీ?"

ఆమె ఊరికే అడిగింది. కానీ పక్కనున్న నలుగురూ ఇటు తిరిగారు. కరుణమ్మ చెప్పబోయింది. "తర్వాత మాట్లాడుకుందాం, భోజనాలు పెడుతున్నారు" అని నేను అందర్నీ కదిలించాను.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అన్నాను. "ఇకనుంచి చర్చికి పట్టీ వద్దు."

"డాడ్, ప్యాచ్ తీస్తే అవర్స్ పోతాయి కదా?" అన్నాడు సైలస్.

"వారంలో ఒక్క పూట. మిగతా ఆరు రోజులు ఎక్కడికి పోయాయి?"

జోసఫిన్ కిటికీలోంచి చూస్తూ, "నాకూ అందరికీ చెప్పీ చెప్పీ విసుగొస్తోంది" అంది.

కరుణమ్మ ఒక్కసారే చెప్పింది. "ఏవండీ, సాక్ష్యం మీది. కన్ను దానిది."

నేను వినలేదు. ఇంటి పెద్దనని ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఒక్క పూట అన్నది ఒక్క పూటగా ఉండలేదు. ఆదివారం ఉదయం వేసి, బయలుదేరే ముందు తీద్దామంటే, జిగురు అంటిన చోట కంటి చుట్టూ ఎర్రగా అచ్చు పడుతుంది, సాయంత్రం దాకా పోదు. దాంతో ఆదివారం మొత్తం పోయింది. ఐదో నెల నుంచి బుధవారం ఇళ్లలో ప్రార్థన కూటాలకు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పాపను తీసుకెళ్లసాగాం. ఆ మనుషులే, ఆ ప్రశ్నలే. ఆ రెండు రోజులూ పట్టీ ఆగిపోయింది. తక్కిన నాలుగు రోజుల్లో మాత్రం కరుణమ్మ నిమిషం తగ్గనిచ్చేది కాదు.

ఒకరోజు ఆమె రాస్తుంటే పుస్తకం చూశాను. ఆదివారానికి సున్నా, బుధవారానికి సున్నా, శుక్రవారానికి సున్నా.

"ఆ సున్నాలెందుకు, ఖాళీగా వదిలెయ్" అన్నాను.

"ఖాళీ పెడితే రాయడం మరిచిపోయినట్టు. సున్నా పెడితే చేయనట్టు. చేయలేదుగా."

"ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

పద్నాలుగో నెలలో చూపు కొలిచే పరీక్ష. మాట రాని పిల్లలకు అక్షరాలు చూపించరు. బూడిద రంగు అట్ట ఒక పక్కన సన్న గీతలుంటాయి. గీతలు కనిపిస్తే పాప చూపు అటు పోతుంది. ఒక్కో అట్టకు గీతలు ఇంకా సన్నబడతాయి. కుడి కన్ను మూసినప్పుడు ఎలీనా పదో అట్ట దాకా గీతల వైపే చూసింది. ఎడమ కన్ను మూశారు. మొదటి అట్ట వైపు చూసింది, రెండోదాని వైపు చూసింది. మూడో అట్టకు డాక్టరు ముఖం కేసి, తర్వాత నా కేసి, తర్వాత దీపం కేసి చూసింది. డాక్టరు అట్ట తిప్పి మళ్లీ పట్టింది. పాప బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

"ఇంతకంటే బాగా ఉండాలి" అంది బిందుమాధవి. "సర్జరీ క్లీన్‌గా ఉంది. ప్రెషర్ బాగుంది. లెన్స్ పవర్ సరిపోయింది. ఆంటీ, మీ పుస్తకం ఒకసారి ఇస్తారా?"

కరుణమ్మ ఇచ్చింది. డాక్టరు నాలుగు పేజీలు తిప్పి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చింది.

"ప్రతి ఆదివారం, బుధవారం, శుక్రవారం సున్నా ఉంది. ఆ రోజుల్లో పాపకి ఏమవుతుంది?"

కరుణమ్మ నా వైపు తిరిగింది. "మీరే చెప్పండి."

చెప్పాను. సాక్ష్యం సంగతి, జ్ఞానప్రసూనగారి ప్రశ్న, ఎర్ర అచ్చు, అన్నీ. చెబుతుంటే ఆ గదిలో నా మాట నాకే చిన్నగా వినిపించింది. డాక్టరు పుస్తకం మూసింది.

"అంకుల్, నాలుగు రోజులు కుడి కంటికి నేర్పుతున్నారు, మూడు రోజులు మానేస్తున్నారు. మానిన రోజు బ్రెయిన్ మళ్లీ ఎడమ కన్నే పట్టుకుంటుంది. ఇంకో రెండు మూడేళ్లు నేర్చుకునే వయసే. ఆ తర్వాత నేను చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. పోయిన గంటలు నేను తేలేను. ఇక ముందువి మీవి."

పాపను కారు సీట్లో కట్టి బయలుదేరాం. తర్వాత జోసఫిన్ అంది. "మామయ్యా, పెళ్లై వచ్చినప్పట్నుంచీ మీ మాట కాదన్లేదు. అప్పుడు నేను కూడా ఊరుకున్నాను, నా తప్పూ ఉంది. ఈ ఆదివారం పట్టీ తీయను. అలా చర్చికి రావొద్దంటే నేనూ పాపా ఇంట్లో ఉంటాం."

"సారీ డాడ్, నేను కూడా" అన్నాడు సైలస్.

ఇంటికి వచ్చి మొదటి పుస్తకం నుంచి ఆ సున్నాలు లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది. వెయ్యో వంతు తేడాకు అచ్చు పక్కన పడేసిన మనిషిని నేను. వారంలో ఏడింట మూడు వంతులు పోతుంటే చప్పట్ల కోసం ఊరుకున్నాను.

కరుణమ్మ స్టవ్ దగ్గర పప్పు తాలింపు వేస్తోంది. అడిగాను. "మీ ఆసుపత్రిలో చార్టులో తప్పు రాస్తే ఏం చేసేవారు?"

"ఒక్క గీత కొట్టి, తప్పు అని రాసి, సంతకం, తేదీ పెట్టి, పక్కన సరైంది రాసేవాళ్లం."

"కొట్టివేసింది కనపడకుండా దిద్దేయకూడదా?"

"కూడదు. పాతది కనపడాలి. లేకపోతే ఏం తప్పు జరిగిందో వెనకొచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

మా షాపులో డ్రాయింగ్ మీద కొలత తప్పయితే సరిగ్గా ఇదే పద్ధతి. ముప్పై మూడేళ్లు చేశాను.

శనివారం పాస్టరు షాలేం రాజుగారింటికి వెళ్లి సాక్ష్యానికి ఐదు నిమిషాలు అడిగాను. ఎందుకో చెప్పాను. ఆయన వయసులో నాకంటే చాలా చిన్న. కాస్త ఇబ్బందిపడ్డారు.

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే కొత్త విశ్వాసులు తడబడతారేమో, సుందర్ రాజ్ గారూ. పట్టీ వేసుకుని రండి చాలు, ఎవరు కాదంటారు?"

"వెనక్కి తీసుకోవడం లేదు అయ్యగారూ. సర్జరీ అయింది, దేవుని దయే. సంపూర్ణం అన్న మాట మీద గీత కొడతాను. అది నేను కలిపింది."

చివరికి ఆయన, "సరే, మొదటి పాట తర్వాత రండి" అన్నారు.

ఆదివారం పట్టీతో ఉన్న పాపను ఎత్తుకుని కరుణమ్మను కూడా వేదిక దగ్గరికి రమ్మన్నాను. ఆమె రాలేదు, రెండో వరుసలోనే కూర్చుంది. నేనొక్కణ్ణే చెప్పాను. పదకొండు నెలల కిందట ఇక్కడే నిలబడి సంపూర్ణమైన చూపు అన్నాను, అది తప్పు, డాక్టరు అలా చెప్పలేదు. పాప కుడి కన్ను ఇంకా నేర్చుకుంటోంది. ఎడమ కంటి పట్టీ అందుకే. నా మాట నిలబెట్టుకోవడానికి ఆ పట్టీ నూట పద్దెనిమిది రోజులు తీయించాను. ఆ రోజులన్నీ నా భార్య రాసిపెట్టింది. ఇంతే చెప్పాను. చప్పట్లు లేవు. తెలుగు ఆరాధన మొదలైనప్పటి నుంచి ఆ వేదిక మీద సాక్ష్యాన్ని దిద్దడం అదే మొదటిసారి.

భోజనాల దగ్గర జ్ఞానప్రసూనగారు వచ్చింది. "ఆ రోజు నేను ఊరికే అడిగానన్నయ్యగారూ. నా నోటి వల్లే ఇంత జరిగిందా?"

జవాబు కరుణమ్మ చెప్పింది. "మీరు అడగడం మంచిదే వదినా. జవాబు చెప్పనిది మేము. ఇప్పుడొక పని చేయండి. నేను అన్నం తినేదాకా దీని చెయ్యి పట్టుకోండి. వదిలితే పట్టీ పీకేస్తుంది."

"పీకితే కొట్టనా?"

"కొట్టండి, కొడితే మిమ్మల్ని కరుస్తుంది. నిన్న సైలస్‌ని కరిచింది."

ఆ మాటకు పక్కవాళ్లు నవ్వారు. ఆ రోజు పుస్తకంలో ఐదున్నర గంటలు పడింది.

తర్వాత దాదాపు నాలుగేళ్లూ పని పనే. పట్టీ పీకే పిల్లను మరిపించడానికి కరుణమ్మ పళ్లెంలో కందిపప్పు, మినప్పప్పు కలిపి వేరు చేయించేది. సూదిలో దారం అప్పుడే కాదు, మొదట గాజుల్లో తాడు దూర్పించేది. అన్నీ కుడి కన్ను చూస్తే తప్ప కానివే. మూడేళ్లప్పుడు ఎలీనా, "నానమ్మా, ఇట్స్ ఇచీ, తీసెయ్ ప్లీజ్" అని వంటింటి చుట్టూ పరిగెత్తేది. ఈమె డెబ్బై ఏళ్ల మోకాళ్లతో వెనక నడిచేది. "గంటన్నర ఉందే తల్లీ, ఆ తర్వాత ఇద్దరం తీసేద్దాం."

"నీకు ప్యాచ్ లేదుగా?"

"నాకు కళ్లజోడుంది. అదే తీసేస్తాలే."

రెండేళ్ల వయసులో ఒకసారి కంట్లో ప్రెషర్ పెరిగింది, చుక్కల మందుతో దిగింది. ఆ చుక్కలు ఇప్పటికీ రోజుకు రెండుసార్లు. పుస్తకంలో దానికొక గడి వచ్చింది.

పోయిన నెల స్కూలుకు ముందు పరీక్ష. ఈసారి అక్షరాలే. పాప చేతికి నాలుగు అక్షరాల అట్ట ఇచ్చారు, గోడ మీద కనిపించినదాన్ని అందులో వేలితో చూపించాలి. ఎడమ కన్ను చివరి వరుస దాకా చదివింది. కుడి కంటితో మొదటి వరుస, రెండో వరుస పూర్తిగా, మూడో వరుసలో రెండక్షరాలు తప్పు పోయి మూడు సరిగ్గా చూపించింది. నాలుగో వరుసకు, "దట్స్ జస్ట్ యాంట్స్" అంది.

"ఇరవై బై ఎనభై" అంది బిందుమాధవి. మామూలు కన్ను ఎనభై అడుగుల నుంచి చదివేదాన్ని ఈ కన్ను ఇరవై అడుగుల నుంచి చదువుతుందని అర్థం. "ఒక్క కంట్లోనే శుక్లంతో పుట్టిన పిల్లల్లో ఇది చాలా నయమైన ఫలితం ఆంటీ. ఎడమ కంటికి ఏమన్నా అయినా ఈ కంటితో తన పని తను చేసుకోగలదు."

జోసఫిన్ ముఖం తుడుచుకుంది. నేను అడగాలనుకున్నది అడిగాను. "ఆ నూట పద్దెనిమిది రోజులు కూడా వేసి ఉంటే?"

"ఇంకో వరుస చదివేదేమో. చదవకపోయేదేమో. ఒక్క రోజు మానకుండా వేసినా ఇంత రాని పిల్లలున్నారు నా దగ్గర. నాకు తెలియదంకుల్. తెలుసని చెబితే అబద్ధం."

కరుణమ్మ తల ఊపింది. ఈ డాక్టరంటే ఆమెకు ఎందుకు ఇష్టమో నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక ఆమె పదకొండో పుస్తకంలో ఆ అంకె రాసింది. నేను మొదటి పుస్తకం తీశాను. సున్నాల పక్కన నా సంతకం పెట్టి, ఒక్కోదాని మీద గీత కొడదామని పెన్ను పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నారు?"

"తప్పు నాదని రాస్తున్నాను."

"తప్పు మీదే. కానీ ఆ సున్నాలు తప్పు కాదు. అవి సరిగ్గానే రాశాను, వాటిని ముట్టుకోకండి."

పెన్ను కింద పెట్టాను. సాక్ష్యం మీద గీత కొట్టగలిగాను కానీ, ఆ సున్నాల మీద గీత కొట్టే వీలు లేదు. పుస్తకం అరలో పెట్టేశాను. పట్టీ వేసే టైమ్ అయింది. ఎలీనా తన డబ్బాలోంచి చేప బొమ్మ ఉన్న పట్టీ ఏరుకుని వచ్చి, కరుణమ్మ ముందు ముఖం ఎత్తి నిలబడింది. ఆమె పుస్తకంలో తేదీ రాసుకుని, పట్టీ వేసి, అప్పుడు గోడ గడియారం చూసి టైమ్ రాసింది.